చక్రానికీ మనిషికీ మధ్య

గెడ్డవలస డిపో వాచ్‌మన్ తవిటయ్య ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకే గేటు ముందు కూర్చున్నాడు. ఈ కాలంలో కుర్చీలు మాత్రం మూడు మారాయి. మూడో కుర్చీకి ఒక కాలు పొట్టి. పాత సామాన్ల కుప్పలో దొరికిన రేకు ముక్క ఒకటి తెచ్చి ఆ కాలి కింద పెట్టుకున్నాడు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. అంతవరకు కుర్చీ ఆగితే చాలనుకునేవాడు. సర్క్యులర్ వచ్చిన సోమవారం దాకా అతనికి ఉన్న బెంగ అదొక్కటే.

ఆ డిపో రాష్ట్ర జలద్వార నిర్వహణ సంస్థది. కాలువల మీది ఇనుప గేట్లు తుప్పు పట్టినా, ఇరుక్కుపోయినా ఇక్కడికి తెస్తారు. పాడైన భాగం కోసి, కొత్త రేకు అతికి, రంగు వేసి పంపుతారు. కోసే పని పైడమ్మది. భర్త పోయాక అతని ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. చేతిలో పట్టుకుని ఇనుము కోసే గ్రైండరు మీద ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. పది వేళ్లూ ఉన్నాయి. ఆ డిపోలో అది చెప్పుకోదగ్గ సంగతి.

సర్క్యులర్ పుట్టడానికి రెండు కారణాలు. మొదటిది, వేరే డిపోలో గార్డు లేని గ్రైండరుతో కోస్తుండగా డిస్కు పగిలి ఒకాయనకు రెండు పళ్లు పోయాయి. గార్డంటే డిస్కును సగం దాకా కప్పి ఉంచే ఇనుప రేకు. డిస్కు పగిలితే ముక్క మనిషి మీదికి రాకుండా అది అడ్డుకుంటుంది. ప్రధాన కార్యాలయంలో ఒక ఇంజనీరు ఈ సంగతులన్నీ ఎనిమిది పేజీల్లో ఇంగ్లీషులో రాశాడు. రాసినవి మంచి జాగ్రత్తలే.

రెండో కారణం, ఆ వారమే కార్యాలయంలో తెలుగు పక్షోత్సవాలు మొదలయ్యాయి. ఆ పదిహేను రోజులూ ఇంగ్లీషు కాగితం ఏదీ గుమ్మం దాటకూడదు. అనువాద అధికారి జగన్నాథం ఎనిమిది పేజీలనూ ఒక మధ్యాహ్నంలో తెలుగు చేసి పెట్టాడు. ఆయన దగ్గర నిఘంటువు ఉంది. గ్రైండరును మాత్రం ఆయన ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బేటప్పుడే చూశాడు. ఇంగ్లీషు ప్రతి మీద 'రద్దు' అని ముద్ర వేసి బీరువాలో పెట్టారు.

సోమవారం ఉదయం డిపో సూపరింటెండెంటు చక్రధరరావు అందరినీ షెడ్డులో నిలబెట్టి చదివాడు.

"నిబంధన మూడు. కాపలాదారు లేని గ్రైండరును ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. నిబంధన నాలుగు. కాపలాదారును చక్రమునకు, వాడువారికి మధ్య ఉండునట్లు అమర్చి, బోల్టుతో బిగించవలెను. నిబంధన ఐదు. వంగిన, పగిలిన, తుప్పు పట్టిన కాపలాదారును తక్షణమే తొలగించవలెను."

షెడ్డులో పదకొండు మంది ఉన్నారు. పది మంది పదకొండోవాడి వైపు చూశారు. డిపోలో కాపలాదారు ఒక్కడే.

"మద్దెనంటే ఎక్కడ బాబూ?" అన్నాడు తవిటయ్య.

"స్పష్టంగా ఉంది కదయ్యా. చక్రానికీ మనిషికీ మధ్య."

"అక్కడ జానెడు సోటు నేదు బాబూ."

"జానెడు చోటులో అమరవలసిన బాధ్యత కాపలాదారుది. సంస్థ చోటు చూపిస్తుంది. అమరడం ఉద్యోగి విధి."

పైడమ్మ ముందుకు వచ్చింది. "సారూ, గార్డంటే మడిసి కాదు. రేకు. నా మిషనుకి ఉండాల్సిన రేకు. పెద్ద డిస్కు పట్టట్లేదని అప్పటి సారు ఊడదీయించినాడు. ఐదేళ్లనుంచి అడుగుతున్నాను. మూడు అర్జీలెట్టినాను."

"అర్జీల్లో ఏమని రాశావు?"

"గార్డు నేదు, ఇప్పించండి అని."

"గార్డు అంటే తెలుగులో కాపలాదారు. నువ్వు అడిగావు, సంస్థ మంజూరు చేసింది." చక్రధరరావు తవిటయ్యను చూపించాడు. "ఇదుగో. మూడు అర్జీలకూ కలిపి ఒక్కసారే పరిష్కారం."

తర్వాత ఏడో నిబంధన చదివాడు. "చక్రము ఇరుకుకొన్నప్పుడు ముడుపులు వచ్చును. అట్టి ముడుపులను రెండు చేతులతో గట్టిగా పట్టుకొనవలెను. నెలకు ఎన్ని ముడుపులు వచ్చినదీ వ్రాతపూర్వకముగా తెలుపవలెను."

ఇది చదివాక ఆయన ఒకసారి ఆగాడు. మళ్లీ చదువుకున్నాడు. కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. ముందుకు సాగాడు.

కోత కోసేటప్పుడు డిస్కు ఇరుక్కుంటే గ్రైండరు వెనక్కి తంతుంది. ఇంజనీరు రాసింది ఆ తన్నుడు గురించే. దాని ఇంగ్లీషు పేరు 'కిక్‌బ్యాక్'కు నిఘంటువులో రెండు అర్థాలున్నాయి: వెనక్కి తన్నడం, లంచం. జగన్నాథం ప్రభుత్వంలో ఎక్కువ వాడుకలో ఉన్న అర్థాన్ని తీసుకున్నాడు. ఇరుక్కోవడం, రెండు చేతులు అని విన్నాక పైడమ్మకు విషయం అర్థమైంది. ఏదో ఆఫీసు మాట అనుకుని సాయంత్రానికి నెల వివరం రాసి ఇచ్చింది: 'నెలకు నాలుగైదు సార్లు ముడుపులు వస్తాయి. వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను. ఇట్లు, పైడమ్మ.'

మంగళవారం తవిటయ్యను అమర్చారు.

పైడమ్మ ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు ముడి వేసి గుడ్డ కట్టుకుంది. కుడి చెయ్యి గ్రైండరు వెనక భాగం మీద, ఎడమ చెయ్యి పక్కపిడి మీద. ఆమె మోచేతుల మధ్య నుంచి తవిటయ్య తల పైకి వచ్చింది. అతని ముక్కుకూ డిస్కుకూ మధ్య నాలుగు వేళ్ల దూరం. కర్ర విధుల్లో భాగం కాబట్టి దాన్ని కూడా పట్టుకోవాలని చక్రధరరావు అన్నాడు. పట్టుకున్నాడు.

"ఇది ఎంత యేగం తిరుగుతాది తల్లీ?"

"నిమిషానికి పదకొండేల సుట్లు సిన్నాన్నా."

"నానేటి సెయ్యాల?"

"డిస్కు పగిల్తే ముక్క నా మీదకి రాకుండా అడ్డుకోవాల."

"ఎలాగ?"

"రేకైతే ఉత్తినే ఉంటాది. అంతే."

తవిటయ్య ఆలోచించాడు. "ఉత్తినే ఉండడం నాకు అలవాటే. ఇరవై తొమ్మిదేళ్లు అదే సేసినాను. గాని ముక్కు ముందర కాదు."

పైడమ్మ గ్రైండరు కింద పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది. "నాను నొక్కను సారూ."

"నొక్కకపోతే పని నిరాకరణ కింద వస్తుంది."

"నొక్కితే ఈయన ముకం ఏటవుతాది?"

చక్రధరరావు పేజీలు తిప్పాడు. "ముఖం సంగతి నిబంధన పన్నెండులో ఉంది. 'ముఖకవచము ధరించవలెను.'"

"ఎవురు?"

ఎవరన్నది నిబంధనలో లేదు. డిపోలో ముఖకవచం ఒకటే ఉంది. పైడమ్మ దాన్ని తీసి తవిటయ్యకు తొడిగింది. కవచం లేకుండా ఆమె గ్రైండరు పట్టకూడదు. కాబట్టి ఆ రోజు పని జరగలేదు. పని పుస్తకంలో చక్రధరరావు రాశాడు: 'కాపలాదారు సన్నాహక స్థితిలో ఉన్నారు.'

గేటు దగ్గర ఎవరూ లేక మూడు గేదెలు లోపలికి వచ్చి, బాగుకు వచ్చిన గేట్ల నీడలో పడుకున్నాయి. వాటిని తోలడం తవిటయ్య విధి. అతను సన్నాహక స్థితిలో ఉన్నాడు.

బోల్టు బిగించే పని మిగిలింది. తవిటయ్య నడుముకు ఇనుప పట్టీ, పట్టీకి రెండు చెవులు, చెవుల్లోంచి బోల్టులు, ఆ బోల్టులు బల్లకు. చక్రధరరావు స్వయంగా బొమ్మ గీశాడు. కానీ పట్టీ చేయాలంటే ఇనుము కోయాలి. కోయాలంటే గ్రైండరు వాడాలి. గ్రైండరు వాడాలంటే కాపలాదారును బిగించి ఉండాలి. బిగించాలంటే పట్టీ కావాలి. ఈ చిక్కు మీద ఒక పూట చర్చ జరిగింది. చివరకు ఒక ఫిట్టరు చేతి రంపంతో కోయడం మొదలుపెట్టాడు. గురువారం మధ్యాహ్నానికి పూర్తవుతుందని చెప్పాడు.

ఈలోగా తవిటయ్యను సంస్థ వైద్యుడి దగ్గరికి పంపారు. ఐదో నిబంధన ప్రకారం కాపలాదారుకు వంపు, పగుళ్లు, తుప్పు ఉన్నాయేమో చూడాలి. వైద్యుడికి బయట ఇరవై మంది రోగులున్నారు. ఫారంలో ఏముంటే అది నింపడం ఆయన అలవాటు. నడుము తట్టాడు, కాళ్లు ఎత్తమన్నాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు. రాశాడు: 'వంపు: నడుములో స్వల్పము. పగుళ్లు: రెండు మడమలలోను కలవు. తుప్పు: శరీరమున ఇనుము తక్కువగా నున్నందున తుప్పు పట్టు అవకాశము లేదు.'

చక్రధరరావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన గొంతులో కోపం లేదు. విచారమే ఉంది.

"రెండు అంశాల్లో నువ్వు తొలగించదగినవాడివి, తవిటయ్యా."

"బాబూ, పద్నాలుగు నెలలే ఉంది."

"అందుకే చెబుతున్నాను. శుక్రవారం డైరెక్టరుగారు వస్తున్నారు. భద్రతా దినం. వారి ముందు నువ్వు సక్రమంగా అమరితే ఈ కాగితం నా సొరుగులో ఉంటుంది. అమరలేదంటే నిబంధన ఐదు. నా చేతుల్లో ఏమీ లేదు."

తవిటయ్య బయటికి వచ్చాడు. అమరితే ముక్కు పోతుంది, అమరకపోతే ఉద్యోగం పోతుంది. శుక్రవారానికి రెండు రోజులుంది.

బుధవారం మధ్యాహ్నం ప్రధాన కార్యాలయం నుంచి నిఘా అధికారి దిగాడు. గెడ్డవలస నుంచి ప్రధాన కార్యాలయానికి కాగితం వెళ్లడానికి మామూలుగా పదకొండు రోజులు పడుతుంది. పైడమ్మ రాసిచ్చిన నెల వివరం ఒక్క రోజులో వెళ్లింది. దారిలో ఎవరూ దాన్ని తమ బల్ల మీద ఉంచుకోవడానికి ఇష్టపడలేదు.

అధికారి తలుపు మూయించాడు. సాక్షిగా తవిటయ్యను కూర్చోబెట్టాడు.

"మీకు ముడుపులు వస్తున్నట్లు మీరే రాసిచ్చారు. నా ఇరవై ఏళ్ల సర్వీసులో ఇది మొదటిసారి. నిజమేనా?"

"నిజివే బాబూ."

"ఎవరిస్తారు?"

"ఎవురిస్తారు బాబూ, ఇనువే ఇస్తాది."

ఆయన రాసుకున్నాడు: 'ఇనుప సరఫరా విభాగం.'

"ఎప్పుడెప్పుడు వస్తాయి?"

"పని ఇరుకున పడ్డప్పుడు. సాఫీగా ఎల్లినప్పుడు రావు."

"సహజం. ఒకసారికి ఎంత వస్తుంది?"

"సెప్పలేం బాబూ. ఒకోసారి కొంచెమే. ఓపాలి భుజం దాకా వొచ్చింది."

"భుజం దాకా." ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. "పక్కనున్నవాళ్లకు వాటా ఉంటుందా?"

"తిన్నగా ఎదురుగా నిలబడితే ఆడికీ తగుల్తాది. అందుకే పక్కకి నిలబడమంటాను."

"మీ ఒక్కరికేనా, అందరికీనా?"

"ఈ పని సేసే పెతోడికీ వొస్తాయి బాబూ. నాకు రానేదు అన్నాడంటే ఆడు పనన్నా సేసుండడు, అబద్దమన్నా ఆడుండాల."

అధికారి కాగితాలు సర్దుకున్నాడు. ముఖంలో గౌరవం కనిపించింది. "అమ్మా, ఇంత నిర్మొహమాటంగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. శుక్రవారం అందరి ముందూ పనిచేస్తారుగా. నేను కళ్లారా చూడాలి."

"ఇరుకున పడితే తప్పకుండా సూద్దురు బాబూ."

గురువారం మధ్యాహ్నం పట్టీ తయారైంది. తవిటయ్య నడుముకు పెట్టి చూశారు. సరిపోయింది. మళ్లీ విప్పడానికి రెంచీ ఎవరో పట్టుకెళ్లారని, అలాగే ఉండమన్నారు. అతను పట్టీతోనే గేటు దగ్గరికి నడిచాడు. పైడమ్మ వెనకే వచ్చింది.

గేదెల్లో ఒకటి కుర్చీకి ఒళ్లు రుద్దుకుని దాన్ని బోర్లా పడేసింది. తవిటయ్య కుర్చీ లేపి కూర్చున్నాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ఐదేళ్లుగా మట్టిలో దిగబడి ఉన్న రేకు ఇప్పుడు బయటపడి అతని పాదాల దగ్గర ఉంది.

"ఆ రేకు ఇలా ఇయ్యి తల్లీ. కాలు కింద ఎట్టుకోవాల."

పైడమ్మ తీసింది. మట్టి దులిపింది. ఇంకోసారి దులిపింది. అర్ధచంద్రంలా వంపు తిరిగిన రేకు, మధ్యలో గ్రైండరు మెడకు పట్టే కడియం, కడియానికి బోల్టు. చొక్కా కొసతో తుడిచేసరికి అంచు మీద నంబరు కనిపించింది.

"సిన్నాన్నా, ఇది నీకెక్కడిది?"

"పాత సామాన్ల కుప్పలోది. ఏటి?"

"గార్డు. నా మిషనుదే. ఇదిగో నంబరు."

తవిటయ్య రేకు వంకా కుర్చీ వంకా చూశాడు. "అయితే ఇన్నాళ్లూ నాను దీని మీద కూకున్నానా?"

"నువ్వు దాని మీద కూకున్నావు. ఇప్పుడది నీ మీద కూకుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే పట్టీ తవిటయ్య పొట్టకు గుచ్చుకుంది. నవ్వడం ఆపాడు.

"పద, సారుకి సూపిద్దాం," అంది పైడమ్మ. అని, తనే ఆగింది. "సూపిస్తే ఏటంటాడో నాకు తెలుసు. నిబందనలో రేకు అని ఎక్కడుందంటాడు."

తవిటయ్య కర్ర చివరతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. అతనికి చదువు ఐదో తరగతి దాకానే. కానీ ఒక వాక్యం ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి రోజూ రాశాడు: 'నా విధులను తదుపరి కాపలాదారుకు అప్పగించితిని.'

"పైడమ్మా, కాపలావోడు డ్యూటీ దిగాలంటే ఒకటే దారి. వొచ్చినోడికి సార్జి అప్పజెప్పాల. అప్పజెప్పీసినాక ఆడి పని ఆడిది, నా దారి నాది."

"అయితే?"

"వొచ్చినోడు మడిసే అవ్వాలని ఆ పారంలో ఎక్కడా నేదు."

శుక్రవారం షామియానా వేశారు. డైరెక్టరు మధ్యలో కూర్చున్నాడు. కుడి పక్క నిఘా అధికారి, ఎడమ పక్క అనువాద అధికారి జగన్నాథం. పక్షోత్సవాల్లో తన సర్క్యులరుకు మొదటి బహుమతి వచ్చినందున ఆయన్ను కూడా తీసుకొచ్చారు. కుర్చీలు వరసగా బల్లకు ఎదురుగా వేసి ఉన్నాయి. పైడమ్మ వచ్చి చూసి, "ఈ వరసలో కూకోకండి బాబూ, ముక్క లెగిస్తే ఇటే వొస్తాది," అని కుర్చీలన్నీ పక్కకు జరిపించింది. జగన్నాథం లేచి ముందుగా జరిగాడు.

"కాపలాదారును బిగించండి," అన్నాడు చక్రధరరావు.

తవిటయ్య ముందుకు వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. ఛార్జి అప్పగింపు పత్రం. వచ్చిన కాపలాదారు పేరు: రేకు. సర్వీసు నంబరు: రేకు అంచు మీది అంకెలు. ఎత్తు: జానెడు. సంతకం అన్నచోట గ్రీజుతో అర్ధచంద్రం ముద్ర.

"ఏమిటిది?"

"కొత్తోడు డ్యూటీ ఎక్కీసినాడు బాబూ. నాను దిగిపోనాను."

చక్రధరరావు గ్రైండరు వైపు చూశాడు. తుప్పు గీకి, శుభ్రం చేసిన గార్డు, అందులో పట్టే చిన్న డిస్కు మీద అమరి ఉంది. డిస్కుకూ పైడమ్మ చేతికీ మధ్య ఉంది. బోల్టు బిగించి ఉంది. ఆయన సర్క్యులరు తీసి ఒక్కో నిబంధనా సరిచూశాడు. ఐదో నిబంధన దగ్గర ఆయనకు ఊపిరి వచ్చింది.

"ఇది వంగి ఉంది! వంగిన కాపలాదారును తొలగించవలెను."

"వొంగింది కాదు సారూ. దాని పుట్టుకే అంత," అంది పైడమ్మ.

"ఆలస్యమవుతోంది," అన్నాడు డైరెక్టరు.

నిఘా అధికారి లేచి వచ్చి గార్డు చుట్టూ చూశాడు. "సార్, ఒక అంశం. ఈ కాపలాదారుకు చేతులు లేవు. ముడుపులు పట్టుకునే అవకాశం శాశ్వతంగా లేదు. నిఘా విభాగం తరఫున నాకు అభ్యంతరం లేదు. నిజానికి ఇలాంటివారే కావాలి."

డైరెక్టరు తలూపాడు. చక్రధరరావు ఛార్జి పత్రం మీద 'ఆమోదించడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. తవిటయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఈ ఇరవై తొమ్మిదేళ్లలో డ్యూటీ దిగాక అతను ఇంటికి వెళ్లకుండా నిలబడడం అదే మొదలు.

పైడమ్మ ముఖకవచం దించుకుంది. డిస్కు మీద తేదీ చూసింది. గడువు లోపలే ఉంది. కోయబోయే రేకుకు రెండు వైపులా దన్ను పెట్టి బిగించింది. మీట నొక్కి ఒక నిమిషం ఖాళీగా తిరగనిచ్చింది. ఆ చప్పుడుకు జగన్నాథం రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నాడు. ఆయన ఇంట్లో గ్రైండరు ఇలా అరవదు.

"నిప్పురవ్వలు మాకు కనబడటం లేదు," అన్నాడు డైరెక్టరు.

చక్రధరరావు పరుగెత్తాడు. పైడమ్మ మీట వదిలి డిస్కు ఆగేదాకా ఆగింది. ఆయన కోయబోయే రేకును తిప్పించాడు. తిప్పితే ఒక వైపు దన్ను అడ్డొచ్చింది. తీయించేశాడు.

"సారూ, ఇలా ఎడితే కోత సగంలో నోరు మూసుకుంటాది."

"ముందు నువ్వు మూసుకుని కొయ్యి."

పైడమ్మ కాళ్లు ఎడం చేసి నిలబడింది. రెండు చేతులూ బిగించింది. కోత మొదలైంది. రవ్వలు డైరెక్టరుకు కనిపించేలా లేచాయి. చప్పట్లు కొట్టారు. సగం దాకా వెళ్లేసరికి దన్ను లేని వైపు కిందికి వాలింది. కోత నోరు మూసుకుంది. డిస్కు ఇరుక్కుంది. గ్రైండరు వెనక్కి తన్నింది. టంగుమని శబ్దం వచ్చింది.

మీట వదిలేయడంతో చప్పుడు ఆగింది. గ్రైండరు పైడమ్మ చేతుల్లోనే ఉంది. డిస్కు సగమే ఉంది. తక్కిన సగం గార్డును కొట్టి నేల మీద పడి ఉంది. గార్డు మీద బొటనవేలంత సొట్ట.

తవిటయ్య దగ్గరికి వెళ్లి, ఆ సొట్ట ముందు నాలుగు వేళ్లు పెట్టి కొలిచాడు. తర్వాత తన ముక్కు తడుముకున్నాడు. ఉంది.

నిఘా అధికారి పైడమ్మ దగ్గరికి వచ్చాడు. "ఇందాక వచ్చింది, అదేనా?"

"అదే బాబూ."

ఆయన అక్కడే నిలబడి నివేదిక రాశాడు: 'శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు, డైరెక్టరుగారి సమక్షంలో ముడుపులు వచ్చినవి. ఉద్యోగిని వాటిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొన్నారు. నిబంధన ఏడు తు.చ. తప్పక పాటించబడినది. విచారణ ముగించడమైనది.'

జగన్నాథం చివరగా వచ్చాడు. గార్డును వేలితో తట్టి చూశాడు. "అమ్మా, దీన్ని మీరు ఏమంటారు?" అన్నాడు.

"గార్డు."

"అది కాదు. తెలుగులో?"

"గార్డే తెలుగు బాబూ. మా అమ్మ కూడా అదే అంటాది."

జగన్నాథం మంచివాడు. తప్పు తెలిస్తే దిద్దుకునే మనిషి. తర్వాతి సోమవారమే సవరణ పంపాడు. కానీ రద్దయిన ఇంగ్లీషు మాటను తిరిగి తెచ్చే అధికారం ఆయనకు లేదు. కాబట్టి సవరణ ఇలా వచ్చింది: 'సంస్థ నిబంధనలలో కాపలాదారు అని ఉన్న ప్రతి చోట రేకు కాపలాదారు అని చదువుకొనవలెను.'

చక్రధరరావు అలాగే చదువుకున్నాడు. సంస్థ నిబంధనలు మూడు సంపుటాలు. వాటి ప్రకారం డిపో ప్రధాన ద్వారం వద్ద రేకు కాపలాదారు ఉండవలెను. రేకు కాపలాదారుకు ఏటా రెండు జతల ఖాకీ దుస్తులు, ఒక టార్చిలైటు, ఒక జత చెప్పులు ఇవ్వవలెను. సాధారణ సెలవు పదిహేను రోజులు. వైద్యుని ధ్రువపత్రముపై వైద్య సెలవు. డిపోలో కాపలాదారు పోస్టు ఒకటే, గార్డు రేకు కూడా ఒకటే. గేటు స్తంభానికి మేకు కొట్టించి, ఉదయం ఎనిమిది నుంచి ఐదు దాకా గార్డును దానికి తగిలించమన్నాడు.

తవిటయ్య సంగతి తేలలేదు. అతను ఛార్జి అప్పగించాడు, దాన్ని ఆమోదించారు. పోస్టు లేని కాపలాదారుకు వంపు, పగుళ్లు వర్తించవు కాబట్టి వైద్యుడి కాగితాన్ని సొరుగులోంచి తీసి చించేశారు. అతన్ని 'నియామకం కోసం నిరీక్షణలో' ఉంచారు. నిరీక్షణ ఎక్కడ చేయాలో నిబంధనల్లో లేదు. తవిటయ్య గేటు దగ్గర, తన కుర్చీలో, కాలి కింద ఇటుక పెట్టుకుని నిరీక్షిస్తున్నాడు. గేదెలు వస్తే తోలుతున్నాడు. నడుము పట్టీని పైడమ్మ రెండు ముక్కలు చేసి షెడ్డు తలుపుకు బందులు వేసింది.

ఇక మిగిలింది కోత పని. మూడో నిబంధన ప్రకారం రేకు కాపలాదారు లేకుండా గ్రైండరు వాడకూడదు. ఆ కాపలాదారేమో గేటు డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్న కాపలాదారు స్థానం వదలకూడదు.

"డ్యూటీ ఉన్నోడు వొదలకూడదు. మరి సెలవులో ఉన్నోడు ఎక్కడికెల్తే ఎవుడికి?" అన్నాడు తవిటయ్య.

పైడమ్మకు కోత ఉన్న ప్రతి ఉదయం అతను చీటీ రాస్తాడు: 'అయ్యా, సొట్ట కారణముగా ఈ దినము విధులకు రాలేను. సెలవు ఇప్పించ ప్రార్థన.' కింద గ్రీజుతో అర్ధచంద్రం వేస్తాడు. పదిహేను సాధారణ సెలవులూ నెల తిరక్కుండానే అయిపోయాయి. తర్వాత వైద్యుడు ధ్రువపత్రం ఇచ్చాడు. ఫారంలో 'సొట్ట నయమగు వరకు' అని ఉంది. చక్రధరరావు చీటీ మీద సంతకం పెట్టగానే తవిటయ్య మేకు నుంచి గార్డును తీసి పైడమ్మకు ఇస్తాడు. ఆమె పగుళ్లున్నాయేమో చూసుకుని, బిగించి, కోతకు కూర్చుంటుంది. ఐదింటికి తెచ్చి ఇస్తుంది. అతను తగిలిస్తాడు.

తవిటయ్య రిటైరైన నెలలో ప్రధాన కార్యాలయం హాజరు లెక్క తీసింది. గెడ్డవలస రేకు కాపలాదారు గడచిన ఏడాదిలో రెండు వందల పదహారు రోజులు సెలవులో ఉన్నట్లు తేలింది. సంజాయిషీ అడగాలని చక్రధరరావు మెమో తయారు చేశాడు. అందించడానికి గేటు దగ్గరికి వెళితే మేకు ఖాళీగా ఉంది. షెడ్డులోంచి కోత చప్పుడు వినబడుతోంది. సంస్థలో సెలవు పెట్టి మరీ పనిచేసే ఉద్యోగి అదొక్కటే.